ఎడమ పక్క ఎర్రనీళ్ళు

వానలు వెనకబట్టాక, నది సముద్రంలో కలిసే మొగలోకి వచ్చే మొదటి ఓడ ఎవరి చేతి మీదుగా లోపలికి వస్తే, ఆ యేడంతా మొగ వాడిది. ఓడినవాడు గెలిచినవాడి పక్కన నిలబడి, సీసపుగుండు కట్టిన తాడు నీళ్ళలో వేసి, ఎన్ని బారల లోతుందో అరిచి చెప్పాలి. తెరెంగాను మొగలో తాతల నాటి కట్టడి ఇది. ఇంతకంటే మంచిది పెట్టుకోకూడదా అంటే, పెట్టుకోవచ్చు. కానీ మగాళ్ళు పెట్టుకున్నది కదా, ఎవడో ఒకడు తల దించుకుంటే గాని వాళ్ళకు తిన్నది అరగదు.

ఓడని ఇసుకమేటల మధ్యనుంచి నదిలోకి నడిపించేవాణ్ణి అక్కడ మాలిం అంటారు. ఆ మొగకి మాలింలు ఇద్దరే. పెద్దవాడు ఎంబోంగ్. రెండోవాడు అతని చెల్లెలు మెలుర్ మొగుడు సెతాపా. తెడ్డు పట్టడం దగ్గర్నుంచి నీళ్ళ రంగు చదవడం దాకా సెతాపాకి నేర్పింది ఎంబోంగే. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఇక్కడ ఒర కూడా సొంతింటిదే.

ఎంబోంగ్ ఇంతవరకూ ఒక్క యేడు కూడా ఓడిపోలేదు. ఈ యేడు మాత్రం అతని భుజం పట్టేసింది, తెడ్డు వేస్తే ఎముక కలుక్కుమంటోంది. ఆ సంగతి సెతాపాకి తెలుసు.

"వాడి పక్కన గుండుతాడు వేసే గతి పడితే, ఆ తాడే మెడకు కట్టుకుని దూకుతాను" అని ఎంబోంగ్ చెల్లెలి ముందే అన్నాడు.

"మీ ఇద్దర్లో ఎవరు గెలిచినా ఏడ్చేది నేనే కదా అబాంగ్" అంది మెలుర్, చేపలు తోముతూ. అన్నని, అన్నలాంటివాణ్ణి వాళ్ళు అబాంగ్ అంటారు.

ఓడ పొద్దెక్కాక కనిపించింది. బుగిస్ వాళ్ళ ఓడ. రెండు పడవలూ ఒకేసారి అలల మీదికి దూకాయి. ఓడ పక్కని ముందు ఎవడు చేత్తో తాకితే వాడే మాలిం.

"అబాంగ్, భుజం ఎలా ఉంది?" అని సెతాపా పక్కనుంచి అరిచాడు. "ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసుకోక నీకెందుకు ఈ తిప్పలు?"

"నీకు తెడ్డు పట్టడం నేర్పాను గాని, నోరు మూసుకోవడం నేర్పలేదురా. అదీ నా తప్పే."

ఓడ దగ్గరపడేసరికి రెండు పడవలూ ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. సెతాపా మనిషి ఒకడు తెడ్డు తిప్పి కొడితే ఎంబోంగ్ పడవలో ముందు కూర్చున్నవాడి దవడ పగిలి, వాడు నెత్తురు కక్కుతూ పడవలోనే కూలబడ్డాడు. తర్వాత ఎవరు ఎవర్ని కొట్టారో చెప్పడం కష్టం. తెడ్లు విరిగాయి, జుట్లు చేతికొచ్చాయి. సెతాపా ఓడ పక్కకి చెయ్యి చాచిన క్షణంలో ఎంబోంగ్ విరిగిన తెడ్డు మొదలుతో అతని మూతి మీద పొడిచాడు. సెతాపా వెనక్కి పడ్డాడు. ఎంబోంగ్ అరచెయ్యి ఓడ చెక్కకు తగిలింది.

పైకి ఎక్కగానే అతను నడుమున ఉన్న క్రిస్ కత్తి తీసి నఖోదాకి, అంటే ఓడ పెద్దకి, ఇచ్చాడు. అదీ కట్టడే. మాలిం కత్తినే ఒర దూసి పట్టుకుని నఖోదా మాలిం వెనక నిలబడతాడు. ఓడ ఇసుక ఎక్కితే ఆ కత్తి మాలిం వీపులోకి దిగుతుంది.

"మా నాన్న ఈ మొగలోనే ఒక మాలింని పొడిచాడట" అన్నాడు డాయెంగ్ పలల్లో అనే ఆ నఖోదా, కత్తి మొన వేలితో చూసుకుంటూ. "నాకు అలాంటి సరదాలు లేవు. జాగ్రత్తగా నడిపించు పెద్దాయనా."

"ఆ మాలిం మా మేనమామ" అన్నాడు ఎంబోంగ్. "నడిపిస్తాను."

గాలి వెనకనుంచి తోస్తోంది. ముందు తెల్లగా విరిగే అలలు, మధ్యలో సన్నటి దారి. దారి మొదట్లో సెతాపా పడవ కనిపించింది. మూతినుంచి నెత్తురు కారుతూనే ఉంది, అయినా ఓడకి ముందుగా దారిలో దూరాడు. ఒడ్డున ఉన్నవాళ్ళకి ఓడ అతని వెనక వస్తున్నట్టే కనిపిస్తుంది. తీసుకొచ్చింది నేనేనని రేపు తీర్పు చెప్పే దాతుక్ ముందు వాదించుకోవచ్చు. ఎంబోంగ్‌కి ఒళ్ళు మండింది. దొంగ నాయాలు, ఓడిపోయి కూడా ఓడిపోడు.

అప్పుడే పెద్ద అల ఒకటి లేచి సెతాపా పడవని బోర్లా తిప్పేసింది. మనుషులు కుడి మేట మీదికి కొట్టుకుపోయారు. సెతాపా ఒక్కడూ బోర్లాపడిన పడవని పట్టుకుని దారికి అడ్డంగా మిగిలాడు.

"ముందు మనిషి ఉన్నాడు" అన్నాడు నఖోదా. "తిప్పు."

ఎంబోంగ్ ఎడమకి చూశాడు. ఎడమ పక్కన నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. సముద్రపు మనిషి ఎవడైనా ఎర్రనీళ్ళు చూస్తే ఇసుక అనుకుని భయపడతాడు. ఆ మొగలో మాత్రం లెక్క వేరు. వరదనీరు ఎర్రగా తోసుకొచ్చే చోటే నది మేటని కోసి లోతు చేస్తుంది. నిరుడు అక్కడ మోకాలి లోతు లేదు. ఈ యేడు ఓడకి ఓడ తిరిగేంత చోటుంది. ఆ సంగతి అక్కడున్నవాళ్ళలో ఇద్దరికే తెలుసు. ఒకడు ఓడ మీద ఉన్నాడు, ఇంకొకడు నీళ్ళలో ఉన్నాడు.

నీళ్ళలో ఉన్నవాడు చెయ్యెత్తి ఎడమకి చూపిస్తున్నాడు.

"చెయ్యి ఊపుతున్నాడు, చూడు" అన్నాడు నఖోదా.

"మునిగేవాడు ఊపక ఏం చేస్తాడు?" అన్నాడు ఎంబోంగ్. "ఎడమన ఇసుక. ఆ ఎర్రనీళ్ళు కనిపించడం లేదా? చోటు లేదు."

వెనకనుంచి నఖోదా ఊపిరి భారంగా వినిపించింది. కత్తి కదల్లేదు. ఎంబోంగ్ చుక్కానివాడితో "తిన్నగా" అన్నాడు. గొంతు వణకలేదు. వణికి ఉంటే బాగుండేది, కనీసం తర్వాత చెప్పుకోవడానికైనా ఉండేది.

బోర్లా పడవ ఓడ ముక్కు కింద పిండిపిండి అయింది. సెతాపా పక్కకి దూకాడు గాని, ఓడ పక్కన వేలాడే పెద్ద చుక్కాని అతని కుడిచేతిని ఓడ చెక్కకి వేసి నలిపేసింది. ఆ అరుపు అలల చప్పుడుని మించి వినిపించింది. ఓడ వాళ్ళు కొందరు తల తిప్పుకున్నారు. ఎంబోంగ్ మాత్రం కళ్ళు ముందుకే పెట్టుకుని ఓడని మచ్చ పడకుండా నదిలోకి తెచ్చాడు.

రేవులో డప్పులు మోగాయి. ఎక్కువసేపు మోగలేదు. సెతాపా మనుషులు అతన్ని తెరచాపలో వేసుకుని మోసుకొచ్చారు, వెంట కొడవళ్ళు తెచ్చారు. ఎంబోంగ్ పడవవాళ్ళలో ఒకణ్ణి మాటా పలుకూ లేకుండా మెడ మీద నరికారు. వాడు రేవు మెట్ల మీదే పోయాడు. రెండో కొడవలి ఎంబోంగ్ మీదికి లేచేసరికి దాతుక్ బల్లెం మనుషులు అడ్డం పడ్డారు.

దాతుక్ అంటే ఆ మొగని ఏలే దొర. వయసు మళ్ళినవాడు, విసుగుమనిషి. "చోటుండి తొక్కాడా, చోటు లేక తొక్కాడా?" అని అడిగాడు. "చోటుండి తొక్కితే వీడి క్రిస్‌తోనే వీణ్ణి ఇక్కడే పొడిపిస్తాను. ఎవడు చెప్తాడు?"

నఖోదా తల అడ్డంగా ఊపాడు. "నాకు ఎర్రనీళ్ళే కనిపించాయి. ఈ మొగ సంగతి నాకేం తెలుసు?"

మొగ సంగతి మాలిం చెప్తేనే చెల్లుతుంది. ఎంబోంగ్ కాక మిగిలిన మాలిం తెరచాపలో పడి ఉన్నాడు. కుడి మోచేతి కింద ఏమీ మిగల్లేదు. మెలుర్ పక్కన కూర్చుని తన మీది గుడ్డ చింపి బిగించి కడుతోంది. ఆమె అన్న వైపు చూడలేదు.

దాతుక్ వంగి అడిగాడు. సెతాపా పళ్ళు ఊడిన నోరు తెరిచాడు.

"చోటు లేదు దాతుక్" అన్నాడు.

కొడవళ్ళు దిగాయి. జనం నెమ్మదిగా చెదిరిపోయారు. ఎంబోంగ్ బావమరిది బంధమేదో ఇప్పుడే గుర్తొచ్చినట్టు సెతాపా పక్కన కూర్చున్నాడు.

"ఎందుకు అలా చెప్పావురా?"

"నువ్వు ఇక్కడ చస్తే నాకేం ఒరుగుతుంది అబాంగ్?" సెతాపా గొంతు కీచుగా ఉంది. "ఓడినవాణ్ణి కదా నేను. నీ పక్కన గుండుతాడు వెయ్యాలి కదా. ఎడంచేత్తో వేస్తాలే."

మెలుర్ ముడి గట్టిగా లాగింది. "ఎడమకి చోటుందని ఒడ్డు మీద నిలబడ్డ నాక్కూడా తెలిసింది" అంది నెమ్మదిగా, ఎవరితోనో అన్నట్టు. ఆ రోజునుంచి ఆమె అన్నతో మాట్లాడలేదు.

సెతాపా చెయ్యి మానేదాకా ఇంకో ఓడ రాలేదు. ఆ తర్వాత వచ్చిన ఓడ మీద ఎంబోంగ్ క్రిస్ ఒక చీనా నఖోదా చేతిలో ఉంది. దాని మొన చొక్కాకి తగులుతూనే ఉంది, ఆ నఖోదాకి మర్యాద తెలియదు. ఎండ నీళ్ళ మీద పడి కళ్ళలోకి కొడుతోంది. ఏది ఎరుపో ఏది తెలుపో ఎంబోంగ్‌కి ఆనడం లేదు. సెతాపా మొండి చేతిని డొక్కకి ఆనించుకుని, ఎడంచేత్తో గుండు విసిరి, తాడు లాగి చూశాడు.

"ఎడమకి చోటుంది అబాంగ్" అన్నాడు.

ఎంబోంగ్ అతని మొహం చూశాడు. అందులో ఏమీ లేదు. ముందు అలలు విరుగుతున్నాయి, ఇక ఆలోచించడానికి వీల్లేదు.

"ఎడమకి" అన్నాడు చుక్కానివాడితో, వీపు బిగపట్టి.

ఓడ తిరిగింది. అడుగున ఏదీ తగల్లేదు. దారి దాటి నది నీళ్ళలోకి వచ్చాక కూడా ఎంబోంగ్ ఊపిరి వదల్లేకపోయాడు.

సెతాపా తడి తాడుని తాపీగా చుట్టుకుంటూ, "ఈసారికి నిజమే చెప్పాను" అన్నాడు.