మెంబరమ్మ కుర్చీ

ఆసుపత్రి దుప్పట్ల ఉతుకు సగం కూడా తెమలలేదు, ఎండ అప్పుడే నెత్తికెక్కింది. రేవులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి బండకేసి బాదుతున్న కోడల్ని ఒడ్డు మీంచి అత్త కేకేసింది.

"ఓ మెంబరమ్మా! సభ మొదలెట్టేస్తారు, కదులు తల్లీ. మిగతావి మేం పిండుకుంటాంలే."

"ఈ చేతుల్తోనా అత్తా?"

"సబ్బులో నానిన చేతులే! ఆ సభలో అంతకన్నా శుభ్రమైన చేతులు ఎవరికున్నాయే?"

రేవంతా నవ్వింది. నవ్వు వెనక బెంగ ఉంది. రేవును పూడ్చి బస్సులు నిలిపే చోటు చేయాలన్న తీర్మానం ఇవాళే నగరసభ ముందుకొస్తోంది. రేవు పోతే వాళ్లందరి నోటి దగ్గరి కూడు పోయినట్టే.

కొత్త రాజ్యాంగం వచ్చి ఏడాది దాటింది. అంతకుముందు సభలో ఎవరుండాలో పైవాళ్లే నియమించేవారు. ఇప్పుడు జనం ఎన్నుకుంటున్నారు. కాయకష్టం చేసుకునే ఆడవాళ్లకూ చోటు కేటాయించారు; ఆ చోటులోనే కోడలు గెలిచింది. సభ గోడ మీది పాత రాజముద్రను పీకేస్తే అక్కడ సున్నం తెల్లగా మిగిలింది. దాని కింద కూర్చున్నది మాత్రం ఆ పాత అధ్యక్షుడే. ఏ ఎండకా గొడుగు పట్టడంలో ఆరితేరినవాడు, ఈసారి ఓట్లతో వచ్చాడు.

మొదటి సమావేశంలో కోడలు అలవాటుకొద్దీ వెనక గోడ దగ్గర నిలబడింది. ఆ హాల్లో తనలాంటివాళ్లు కూర్చోగా ఆమె ఎన్నడూ చూడలేదు. అధ్యక్షుడే లేచి వచ్చి, "మీరు నిలబడే రోజులు పోయాయమ్మా" అంటూ కూర్చోబెట్టాడు. చప్పట్లు కొట్టారు, ఫొటో తీశారు. ఆమె కళ్లనీళ్లతో దణ్ణం పెట్టింది.

ఆ సభకో ఆనవాయితీ ఉంది. తీర్మానం చదివాక, అభ్యంతరం ఉన్నవారు లేచి నిలబడవచ్చంటాడు అధ్యక్షుడు. ఒక్కరు నిలబడి ఉన్నా ఆమోదించినట్టు ప్రకటించడానికి వీల్లేదు. కానీ ఎవరూ లేవరు. రాజ్యాంగం మారింది గానీ మోకాళ్లు మారలేదు. కూర్చోవడమే తనకు దక్కిన గౌరవమనుకుని ఆమె కూడా కూర్చునే ఉంది. వీధి కొళాయిలకు తాళాలేసే తీర్మానం అలాగే నెగ్గిపోయింది. తాళాలు పడిన సాయంత్రం ఖాళీ బిందెతో ఇంటికొచ్చిన అత్త ఒక్కమాటే అడిగింది.

"కుర్చీ మెత్తగా ఉందా?"

ఆ మాట ఇప్పటికీ ఆమెకు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

ఆమె సభకు చేరేసరికి తీర్మానం చదువుతున్నారు. పని అక్కడే వదిలేసి ఆమె వెనకే అత్తా, రేవు ఆడవాళ్లూ వచ్చి గోడ వారగా నిలబడ్డారు. చూడవచ్చిన వాళ్లకు అక్కడ కుర్చీలుండవు.

"అభ్యంతరం ఉన్నవారు..." అన్నాడు అధ్యక్షుడు, కాగితం తిప్పేస్తూ.

కోడలు లేచింది.

"నాకుందండీ."

"మంచిదమ్మా, విన్నాం. కూర్చోండి."

"కూర్చుంటే ఒప్పుకున్నట్టే కదండీ. కూర్చోను."

అధ్యక్షుడు నవ్వాడు. "అభివృద్ధికి అడ్డం పడకూడదమ్మా. మీ గౌరవం కోసమే చెబుతున్నాను."

"ఆ రోజు మీరు కూర్చోబెడితే దణ్ణం పెట్టాను. నోరు మూయించడానిక్కూడా ఇంత మర్యాద చేస్తారని నాకు తెలీదు."

నవ్వు మాయమైంది. అధ్యక్షుడి కనుసైగ అందుకుని బంట్రోతు కుర్చీని ముందుకు తోశాడు. అంచు ఆమె మోకాళ్ల వెనక తగిలింది. ఒళ్లు మండింది ఆమెకు.

"అన్నా, దీన్ని తీసుకెళ్లి వెనక మా అత్తకి వెయ్యి. మోకాళ్ల నొప్పులతో పొద్దుట్నుంచీ నిలబడే ఉంది."

బంట్రోతు అధ్యక్షుడి వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. కుర్చీ ఎత్తాడు. సభ్యులంతా తలలు తిప్పి చూస్తుండగా వరసల మధ్య నుంచి మోసుకెళ్లి అత్త ముందు దించాడు.

అత్త కుర్చీని అరచేత్తో నొక్కి చూసింది.

"మెత్తగానే ఉందే అమ్మాయ్!" అంది హాలంతా వినబడేలా. "ఇందులోంచి లేచావంటే గట్టిదానివే."

కూర్చోమని పక్కావిడ చెయ్యి పట్టుకుంది. అత్త విదిలించుకుంది. ఆనుకున్న గోడ వదిలి, నడుం మీద చెయ్యేసుకుని నిటారుగా నిలబడింది. కుర్చీ ఖాళీగానే ఉంది. అధ్యక్షుడు 'ఆమోదించడమైనది' అనడానికి నోరు తెరిచి, ఇంకా నిలబడే ఉన్న కోడల్ని చూసి కాగితం పక్కన పెట్టాడు.