తిప్పమ్మ పిలవని రాయి

"పైకి పోయిన రాయి ఏమైతాది, చెప్పండి చూద్దాం?" అని అవ్వ విసుర్రాయి పిడి వదిలి పిల్లల వైపు తిరిగింది.

"కింద పడుతాది," అన్నారు పిల్లలందరూ ఒక్క గొంతుతో.

"సరే. పడకపోతే?"

అవ్వ బడిలో ముప్పై ఏండ్లు పాఠం చెప్పిన మనిషి. జవాబు రాని ప్రశ్న దగ్గర ఆమెకు ఎప్పుడూ తొందర లేదు. చేతికంటిన రాగిపిండి దులుపుకొని, కాళ్ళు చాపుకొని మొదలుపెట్టింది.

కంబదూరుకు పడమట ఒక పల్లె. ఊరూరా గంజి కాసి పోసిన కరువు కాలం. ఆ పల్లెలో తిప్పమ్మ పొద్దున లేస్తూనే సట్టి బోర్లించి దాని అడుగున మసి గీకేది. ఆ మసిలో, ఇంట్లో మిగిలిన రెండు చుక్కల ఆముదం కలిపి తలకు పూసుకునేది. వెనక తల చేతికందదు కదా, దానికి పక్కింటి జుబేదాబీ వచ్చేది. జుబేదాబీ తలకు తిప్పమ్మ పూసేది.

"మెడ కాడ తెల్లగా కనపడతాంది, వంచు తిప్పక్కా," అనేది జుబేదాబీ.

"నీది నున్నగా కుదిరిందిలే. నీ మొగుడు మీరన్న చూస్తే మళ్ళా నిఖా చేసుకుంటాడు."

"ఆయప్పకు కండ్లు కనపడితే గదా."

ఇద్దరూ నవ్వుకునేవారు. నవ్వుతూనే ఒకరి తల ఒకరు రెండుసార్లు చూసేవారు. ఒక్క తెల్లవెంట్రుక కనబడినా ఆ పూట పని ఉండదు.

ఇది ఎందుకో తెలియాలంటే రోడ్డుపని సంగతి తెలియాలి. కరువు పని కింద రోడ్డు వేయిస్తున్నారు. దానికి కంకర కొట్టాలి, కొట్టినవాళ్ళకు జొన్నలు. పని గంపెడు, మనుషులు బండెడు. ఎవరిని తీసుకోవాలి, ఎవరిని తరమాలి అన్నది మేస్త్రి చిన్నప్ప చేతిలో ఉండింది. వాడు ఒక నల్లటి రాతిగుండు తెప్పించి పనికాడ పెట్టినాడు. ఆడవాళ్ళు మోకాలిదాకా ఎత్తాలి, మగవాళ్ళు రొమ్ముదాకా. ఎత్తితే పనికి గుర్తుగా రేకుబిళ్ళ చేతికిస్తాడు. ఎత్తలేకపోతే దుడ్డుకర్రతో వీపు మీద ఒక్కటి. "రేపు మళ్ళా రాకుండా గుర్తుండాల గదప్పా," అనేవాడు. నెరిసిన తలను గుండు దాకా కూడా రానిచ్చేవాడు కాదు. సంగటి తిన్నాక మధ్యాహ్నం ఇంకోసారి ఎత్తించేవాడు. పొద్దున ఎత్తినవాళ్ళలో సగం మంది అప్పుడు రాలిపోయేవారు.

చూడండి, కంకర కొట్టేది కూచుని చేసే పని. చేతిలో సుత్తె, ముందర రాయి. గుండు ఎత్తే అక్కరే దాంట్లో లేదు. తిప్పమ్మ పుట్టినప్పటినుంచి రాళ్ళ మధ్య బతికింది. అయినా ఆమెను సుత్తె పట్టి చూపమని ఎవరూ అడగలేదు.

చర్చిలో గంట కొట్టే యేసన్న గుండును రొమ్ముదాకా ఎత్తినాడు. ఎత్తి, దాని మీదనే నెత్తురు కక్కినాడు. "కక్కితే కక్కినాడు గానీ ఎత్తినాడు," అని చిన్నప్ప బిళ్ళ ఇచ్చినాడు. ఆ వారం దాటకుండానే యేసన్న కూతురు ఆ బిళ్ళ తిరిగి తెచ్చి గుండు మీద పెట్టి పోయింది. మరుసటి పొద్దు ఆ బిళ్ళ కోసం అన్నదమ్ములైన ఇద్దరు ముసలివాళ్ళు రాళ్ళతో కొట్టుకున్నారు. ఒకడికి కన్ను పోయింది. చిన్నప్ప నిలబడి వేడుక చూసి, ఇద్దరినీ తరిమినాడు.

గంజి తాగి బతకకూడదా అంటారు మీరు. గంజి పోసినకాడే కూచుని తాగాలి, ఇంటికి తెచ్చుకోనివ్వరు. తిప్పమ్మ ఇంట్లో కూతురు బయమ్మ పచ్చి బాలెంత. అల్లుడు తుంగభద్ర ఆనకట్ట పనికని పోయి తిరిగి రాలేదు. బయమ్మ తింటేనే బిడ్డకు పాలు. తిప్పమ్మకు బిళ్ళ దొరికిన పూట ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, లేకుంటే లేదు.

ఇంక రాయి సంగతి.

తిప్పమ్మ మొగుడు ఎర్రిస్వామి బావుల్లో బండలు పేల్చేవాడు. ఆ పనికి రెండు కేకలుండేవి. వత్తికి నిప్పు పెట్టేముందు "తొలగండప్పో" అని ఒకటి. పేలి, లేచిన రాళ్ళన్నీ నేలకు వచ్చినాక "పడేటివన్నీ పడినాయి, రాండప్పా" అని ఇంకొకటి. ఆ రెండో కేక పడేదాకా ఎవరూ దాపు వదిలి రాకూడదు. ఆ కేక అబద్ధం కాకూడదు. అది ఆ పని ధర్మం.

ఊరి బయట బావిలో ఒక పొద్దు వత్తి ఆరిపోయిందనుకొని ఎర్రిస్వామి వంగి చూసినాడు. ఆరలేదు. పడుకున్న ఎద్దంత రాయి పైకి లేచింది. మనిషి తంగేడు పొదల్లో, గట్టు మీద దొరికినకాడికి దొరికినాడు. జుబేదాబీ మొగుడు మీరా హుస్సేన్ తన భుజం మీది దుప్పటి పరిచి అంతా మూటగట్టినాడు. రాయి మాత్రం దిగలేదు. రెండు తాటిచెట్ల ఎత్తున, బావి పక్కన, అట్లే నిలిచిపోయింది. రెండో కేక వేసే మనిషి లేడు మరి.

పెద్దలు వచ్చి, "నువ్వన్నా పిలువు తిప్పమ్మా, వాని పెండ్లానివి," అన్నారు. తిప్పమ్మకు నోరు రాలేదు. ఆ మాట అంటే అన్నీ పడినట్టే, మనిషి అయిపోయినట్టే. అప్పటికి బయమ్మ కడుపులో ఉంది. "ఉండనీ," అనింది. మంచి నీడ కాబట్టి ఊరు కూడా బలవంతపెట్టలేదు. పొద్దున ఆ నీడ పడమటి ఇండ్ల మీద పడేది, సాయంకాలం తూర్పు చేలలో. అందరూ ఆ నీడలో చింతపండు కొట్టుకున్నారు, చెనక్కాయలు ఒలుచుకున్నారు, బిడ్డలను పడుకోబెట్టుకున్నారు. తిప్పమ్మ కూడా కూచునేది. తల ఎత్తి చూసేది మాత్రం కాదు. బయమ్మ పెరిగి పెండ్లి చేసుకొని బిడ్డను కనేదాకా ఒక్కసారీ చూడలేదు.

రోడ్డు ఆ బావి పక్కనుంచే వచ్చింది. మిట్టమధ్యాహ్నం నీడ సరిగ్గా రాయి కిందనే పడుతుంది కాబట్టి చిన్నప్ప తన గుండును అక్కడే పెట్టించుకున్నాడు. ఎత్తేవాళ్ళు ఎండలో వరసగా నిలబడాలి, వాడు నీడలో.

ఆ పొద్దు మధ్యాహ్నం ఎండకు బండలు పగులుతున్నాయి. వరసలో నిలబడిన జుబేదాబీ నుదుటి మీద చెమట పట్టింది. ఆ చెమట నల్లగా కారింది. చిన్నప్ప చూసినాడు. భుజం మీది తెల్లతువాలు తీసి ఆమె తల మీద గట్టిగా రుద్దినాడు. తువాలు నల్లబడింది, తల తెల్లబడింది.

"ఓహో. అందరూ మసి పూసుకోనొచ్చినారా?" అని జుట్టు పట్టి ఈడ్చి నేలకు కొట్టినాడు. మీరా హుస్సేన్ అడ్డం వచ్చినాడు. కర్ర ఆయన నోటికి తగిలింది. పాత్రలకు కళాయి పూసి పూసి నల్లబడిన అరచేతిలోకి ఆ ముసలాయన ఊడిన రెండు పండ్లు ఉమ్ముకొని, వాటి వంక చూస్తూ నిలబడినాడు.

తర్వాత తిప్పమ్మ. ఆమె చెంపల మీద మసి అప్పటికే గడ్డం దాకా కారింది.

"ఈ సింగారం ఎవురికమ్మే?"

"ఇంట్లో బాలెంత ఉండాదప్పా. తల తెల్లదైతే నీకేమి, నల్లదైతే నీకేమి? గుండెత్తి చూపిస్తా, చూడు."

వంగి పట్టుకుంది. లేపింది. పిక్కల దాకా వచ్చింది. నడుములో ఏదో తెగినట్టయింది. అయినా వదలలేదు, ఇంకొంచెం లేపింది. మోకాలు కనబడుతూనే ఉంది. వేళ్ళు చిట్లి నెత్తురు జారింది. గుండు జారిపోయింది.

"మోకాలి దాకా రాల్యా," అని చిన్నప్ప కొట్టినాడు. వీపు మీద ఒకటి. ఆమె తిరిగితే భుజం మీద ఒకటి. ఎముక విరిగిన చప్పుడు వరసలో చివరివాళ్ళకు కూడా వినబడింది. తిప్పమ్మ నీడ దాటి ఎండలో వెల్లకిలా పడింది.

అట్ల పడినందుకు రాయి కనబడింది.

మందు కూరేదానికి ఎర్రిస్వామి వేసిన బెజ్జం ఒక పక్క సగం చీలి, గొట్టం లాగా నున్నగా ఉంది. సమ్మెట పట్టింది ఎర్రిస్వామి. ఉలి పట్టుకొని తిప్పుతూ కూచున్నది తనే. రాయి ఏమీ మారలేదు. పక్షి రెట్టలు మాత్రం పడినాయి. తిప్పమ్మ చాలాసేపు చూసింది. ఇంత రాయిని ఇన్నేండ్లు పైన నిలబెట్టింది ఎవరు? తనే. నోరు మూసుకొని, ఒక్క మాట గొంతులో అదిమిపెట్టి నిలబెట్టింది. అట్లాంటి తను మోకాలెత్తు గుండును ఎత్తలేని మనిషంట.

"తొలుగు చిన్నప్పా," అనింది. మొదటి కేక అది. పని ధర్మం ఆమె తప్పలేదు.

"నన్నే తొలగమంటాంది చూడండిరా ముసల్ది," అని వాడు నవ్వి, ఇంకో దెబ్బకు కర్ర లేపి ఒక అడుగు ముందుకు వేసినాడు.

తిప్పమ్మ పెద్దగా అరవలేదు. పక్క మంచంలో ఉన్న మనిషితో చెప్పినట్టు చెప్పింది. "పడేటివన్నీ పడినాయి. రాప్పా."

ఆ కేక అబద్ధం కాకూడదని చెప్పినాను కదా. రాయి దిగింది.

గాలి చీలింది. రాయి గుండు మీద పడి దాన్ని పిండి చేసింది. తనూ రెండు చెక్కలైంది. ఒక చెక్క ఒరిగి చిన్నప్ప ఎడమ కాలి మీద కూచుంది. ఊరి కుక్కలన్నీ ఒకేసారి అరిచినాయి. వయసువాళ్ళు, బిళ్ళలు దొరికినవాళ్ళు, సుత్తెలు పారేసి కంబదూరు దాకా పరుగెత్తినారు. దుమ్ము అణిగేసరికి అక్కడ మిగిలింది పరుగెత్తలేనివాళ్ళు. జుబేదాబీ, మీరా హుస్సేన్, వరసలో వాళ్ళ వెనక నిలబడిన ముసలివాళ్ళు కాపుల సుబ్బన్న, అక్కమ్మ, ఇంక తిప్పమ్మ.

చిన్నప్ప ముందు కేకలు పెట్టినాడు, తర్వాత తిట్టినాడు. కాలి కింద మన్ను తడిసి ఎర్రగా పారేకొద్దీ వాని గొంతు చిన్నదైంది.

"ఎత్తండప్పా. మీకు దండం పెడతా, ఎత్తండి."

ఎవరూ కదలలేదు. మీరా హుస్సేన్ నోట్లో నెత్తురు ఊసి, "మేము ముసలోళ్ళమప్పా, మా చేత యాడైతాది?" అన్నాడు.

"జొన్నలిస్తా. బిళ్ళలిస్తా."

"బిళ్ళకు మేము తగమని నువ్వే గదా అంటివి," అన్నాడు సుబ్బన్న.

"అమ్మా," అన్నాడు చిన్నప్ప. ఎవరిని అన్నాడో తెలియదు. ఆడవాళ్ళు ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

తిప్పమ్మ లేచింది. ఒక చేయి వేలాడుతోంది. రెండో చేత్తో గునపం ఈడ్చుకొచ్చి రాతి కింద దూర్చింది. తక్కినవాళ్ళు కాసేపు ఆగి వచ్చినారు. ఇద్దరు గునపం మీద పడినారు, ముగ్గురు చేతులు వేసినారు. చెక్క లేచింది. జానెడు లేస్తే కాలు బయటికి వస్తుంది. జానెడు దగ్గర వాళ్ళు ఆగలేదు. మూలుగుతూ, నరాలు ఉబ్బి, మోకాలి దాకా లేపినారు.

"వచ్చిందా మేస్త్రీ, మోకాలి దాకా?" అనింది తిప్పమ్మ.

చిన్నప్ప అప్పటికి సొమ్మసిల్లినాడు. జవాబు చెప్పింది సైకిలు దిగిన ఓవర్సీరు, రోడ్డుపని చూసే సర్కారు మనిషి. పడిన చప్పుడు విని వచ్చినాడు. రాతిని చూసినాడు, మోకాళ్ళను చూసినాడు. "వచ్చింది," అన్నాడు.

"ఇంగ దించల్నా సారూ?"

"దించండి. బిళ్ళలు తీసుకోండి."

ఆ పూట తిప్పమ్మ ఇంట్లో పొయ్యి వెలిగింది. బయమ్మ తినింది, బిడ్డ తాగింది. భుజానికి కట్టు కట్టుకొని తిప్పమ్మ ఒంటిచేత్తో కంకర కొట్టింది. ఏ రాయి అనుకున్నారు? ఆ రాయే. రోడ్డుకు అదే దగ్గర. నీడ పోగొట్టిందని మాత్రం ఊరంతా ఆమె మీద సణిగింది. "చెప్పి పిలవాల గదమ్మా, చెనక్కాయలు ఎండలో ఉండిపాయ," అన్నారు.

చిన్నప్ప కాలు మోకాలి కింద తీసేసినారు. కంట్రాక్టరు కొత్త మేస్త్రిని పెట్టుకున్నాడు. కొన్నాళ్ళకు చిన్నప్ప చంకలో కట్టె పెట్టుకొని వచ్చి వరసలో చివర నిలబడినాడు. ముఖం పీక్కుపోయి, గడ్డం నెరిసి, ముప్పై దాటిన మనిషి అరవై వాడిలాగా ఉన్నాడు.

"కుంటోళ్ళకు పని ల్యాదప్పా," అన్నాడు కొత్త మేస్త్రి. చేతిలో కర్ర ఉంది.

తిప్పమ్మ సుత్తె ఆపలేదు, తల తిప్పలేదు. "కూచోని కొట్టే పనికి కాలెందుకు సారూ?" అని మాత్రం అనింది. పక్కనున్న ఓవర్సీరు ఆమె ముఖం, విరిగిన భుజం చూసినాడు. బిళ్ళ ఇమ్మన్నాడు.

చిన్నప్ప ఆమెకు ఎదురుగా చతికిలబడినాడు. ఇద్దరూ చాలాసేపు కొట్టినారు. మిట్టమధ్యాహ్నమైంది. వాడు తువాలుతో ముఖం తుడుచుకొని పైకి చూసినాడు. అక్కడ ఆకాశం తప్ప ఏమీ లేదు.

"ఎండ తలకెక్కుతాందమ్మా. రవ్వంత నీడన్నా ల్యా," అన్నాడు.

తిప్పమ్మ తన ముందరి కుప్పలోంచి ఒక పెద్ద తునకను కాలితో వాని ముందుకు నెట్టింది. దానికి ఒక పక్క నున్నటి సగం బెజ్జం ఉంది.

"నీడంతా నీ ముందరే ఉండాది," అనింది. "కొట్టు."

పిల్లల్లో ఒకడు, "వాడు కొట్టినాడా అవ్వా?" అన్నాడు.

అవ్వ అప్పటికే మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది.

"ఆ రోడ్డు మీదనే గదరా మీరు బడికి పోయేది," అని, "రాగులు సగమే విసిరినాను, సంగటికి పొద్దు మీరిపాయ," అంటూ విసుర్రాయి దగ్గరికి పోయింది.