మొదటి తట్ట

సమ్మవ్వను ఆమె తమ్ముడు బాలకిషన్ తన ఇంటికి కట్టించిన పిట్టగోడ చంపింది. భూమి కాస్త కదిలిన ఆ పొద్దున సిరిసిల్లలో ఒక్క పెంకు జారలేదు. ఇనుము లేకుండా ఇటుకలు పేర్చిన ఆ గోడ మాత్రం వాకిలి ఊడుస్తున్న అక్క మీద పడింది. ఆమె మొగుడు మొగిలయ్య ఆ తర్వాత బావమరిది గడప తొక్కలేదు.

ఇప్పుడు కోరుట్లలో కూతురు నవనీత ఇంటికి స్లాబు వేస్తున్నారు. మొగిలయ్య జగిత్యాల బస్సు దిగి వచ్చేసరికి కాంక్రీటు కలిపే మిల్లర్ తిరుగుతోంది, వెనక మేకకూర ఉడుకుతోంది. మేనమామ హోదాలో బాలకిషన్ బట్టలు తెచ్చాడు. కొబ్బరికాయ కొట్టి ఇల్లాలి తండ్రి మొదటి తట్ట పోస్తేనే కూలీలు పని అందుకుంటారు.

ముందు వరసలో నాలుగు పిల్లర్లు ఉండాలి. మూడే ఉన్నాయి. నాలుగోదాని చువ్వలు నేల దగ్గరే కోసేశారు.

"దర్వాజకు ఎదురు పడ్తదని వాస్తు పంతులు వద్దన్నడు మామా," అన్నాడు అల్లుడు జితేందర్.

"మున్సిపాలిటోళ్లో?"

"నిన్న మేడమ్ వచ్చి, నక్షల ఉన్న పిల్లర్ పెట్టేదాక స్లాబ్ ఎయ్యద్దన్నది."

"ఇయ్యాల ఐతారం, ఎవ్వరస్తరు బావా?" బాలకిషన్ నవ్వాడు. "ఏసినంక కూలగొడ్తరా? నా ఇంటికి గిట్లనే అన్నరు."

ఇంకెవరూ నవ్వలేదు. మొగిలయ్య ఇసుక కుప్ప మీద తువ్వాల పరిచి కూర్చున్నాడు.

"నేను తట్ట ముట్ట."

"ముహూర్తం దాటుతాంది మామా."

"దాటనియ్."

పైనుంచి మేస్త్రీ దేవదాస్ తొంగి చూశాడు. "పెండ్లికొడుకు లెక్క అలిగినవేంది పెద్దయ్యా, సైకిల్ గావాల్నా?"

"పిల్లర్ గావాలె."

నవనీత తండ్రి ముఖం చూసింది. తల్లి పేరు ఎత్తలేదు. మొగుడి వైపు తిరిగింది.

"గోడలింకా లేవనే లేదు గదా. పిల్లర్ ఉన్నకాడనే ఉండనియ్, దర్వాజ జరుపుదాం."

జితేందర్ తల గోక్కున్నాడు. పంతులుకు ఫోన్ చేస్తే, దర్వాజ జరిపినా పర్వాలేదన్నాడట. దేవదాస్ మిల్లర్ ఆపించాడు. చువ్వలు మళ్లీ నాటి నాలుగో పిల్లర్ పోసేదాకా స్లాబు ఆగింది.

కూర ఆగదు కదా. అందరూ బంతిలో కూర్చున్నారు. మొగిలయ్య మూలుగబొక్క అడిగి మరీ వేయించుకున్నాడు. బిడ్డ పడుకునే కప్పు కింద నాలుగు పిల్లర్లూ ఉంటాయి. కల్లు తియ్యగా ఉంది. చాలాకాలానికి కడుపునిండా తిన్నాడు.

బాలకిషన్ విస్తరి పట్టుకొని పక్కకొచ్చి కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు.

"బావా, అక్క ముచ్చట..."

"తిను. గా ముచ్చట నేను మల్లెన్నడు మాట్లాడ. నీతోని గాదు, ఎవ్వలతోని గాదు."