కంచం మోత

ఆ రోజు ఇంట్లో ఉన్నది నాన్న, నాయనమ్మ, అక్క, అక్క స్నేహితురాళ్ళిద్దరు, నేను. పిల్లిని కూడా లెక్కేస్తే ఏడుగురం. స్నేహితురాళ్ళలో ఒకామె మందుల షాపులో పనిచేస్తుంది, మాటలు కూడా మాత్రల్లాగే లెక్కపెట్టి ఇస్తుంది. రెండో ఆమెను అందరూ మైకు అంటారు. ఆమె వీధి మొదట్లో నవ్వితే మా వంటింట్లో గిన్నెలు ఉలిక్కిపడతాయి.

అక్కా వాళ్ళు ముగ్గురూ కలిసి పాత తెరచాప పడవనొకదాన్ని బాగుచేసుకున్నారు. సముద్రపు ఒడ్డు వెంటే, కాస్త లోపలగా సాగే ఉప్పు కాలువలో, అది సముద్రంలో కలిసే చోటిదాకా వెళ్ళి రావాలని వాళ్ళ కోరిక. తెరచాప నాన్న కుట్టాడు, ఆయన పనే అది. పడవలో నాలుగో మనిషిని నేను. వచ్చే వారం అక్క దూరాన ఉద్యోగంలో చేరుతుంది. ఇప్పుడు వెళ్ళకపోతే అక్కతో పడవ ప్రయాణం మళ్ళీ ఎప్పటికో.

అయినా నేను రానని చెప్పేశాను. చెప్పడమంటే, తల అడ్డంగా ఊపాను.

ముందురోజు పడవ ఎలా ఉందో చూద్దామని కాలువలో కొంత దూరం వెళ్ళాం. పక్కగాలికి చాప నిండుగా పొంగింది. నీళ్ళు పడవను తడుముతూ గుసగుసలాడుతున్నాయి. ముందు కూర్చుని గడతో లోతు చూడటం నా పని. వెనక చుక్కాని పట్టుకున్న అక్కకు చాప అడ్డం, ముందేముందో కనబడదు. నేనే అరిచి చెప్పాలి. ఒక వంపు దగ్గర గడ మోకాలి లోతులోనే బురదకు తగిలింది. "లోతు లేదు" అన్నాను. ఆ మాట నా చెవికే సరిగా అందలేదు. పడవ మెత్తగా వెళ్ళి బురదలో కూర్చుంది. సముద్రపు పోటు వచ్చి లేపేదాకా అక్కడే ఉన్నాం.

"కొంగలు కూడా మనల్ని చూసి జాలిపడుతున్నాయే!" అంది మైకు. అందరూ నవ్వారు. నేను గడకంటిన బురదను గోటితో గీకుతూ కూర్చున్నాను.

ఇక ఆ రోజు, బయలుదేరే ముందు అందరం భోజనానికి కూర్చున్నాం.

"దాన్ని బలవంతపెట్టకండి. ఇంకెవర్నైనా చూసుకోండమ్మా," అన్నాడు నాన్న.

"ఇంకెవరో ఎందుకు? నాకు ఇదే కావాలి," అంది అక్క, నావైపు చూడకుండా.

కంచం అంచు మీద వేలితో రెండుసార్లు కొట్టాను. వడ్డించబోతున్న నాయనమ్మ గరిటె వెనక్కి తీసుకుంది.

మందుల షాపామె అది చూసింది. "అదేంటి నాయనమ్మా, ఆ అమ్మాయి వద్దనలేదుగా?"

"దీని భాష చిన్నప్పట్నుంచీ అంతే తల్లీ. ఒకసారి కొడితే ఇంకాస్త, రెండుసార్లు కొడితే చాలు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయని భయం!"

మందుల షాపామె కాసేపు నమిలి, మింగి, అప్పుడు అంది. "అయితే పడవలో అరవడం దేనికి? ఒకసారి కొడితే ఇంకాస్త ముందుకి. రెండుసార్లు కొడితే చాలు, ఆపు."

"ఓసి నీ బుర్ర బంగారం కాను!" అని మైకు అరిచిన అరుపుకి పిల్లి పెరట్లోకి పారిపోయింది.

అక్క ఎంగిలి చేత్తోనే పెరటి చివరకు పరుగెత్తింది. "కొట్టవే!" అంది అక్కణ్ణుంచి. చెంచా తీసుకుని నా ఇత్తడి కంచం మీద రెండు దెబ్బలు వేశాను.

"చాలు!" అని కేక వచ్చింది.

ఇంకొకటి వేశాను.

"ఇంకాస్త!" అంది అక్క. ఆ గొంతులో నవ్వు నాకు గోడవతల నుంచి కూడా తెలిసింది.

సామాన్లు మోసుకుంటూ వాళ్ళు రేవు వైపు నడిచారు. చాప భుజాన వేసుకుని నాన్న కూడా వెళ్ళాడు. కంచం కడిగి, తుడిచి, నాయనమ్మ నా చేతిలో పెట్టింది. నా కాలొకటి గడప బయట, ఒకటి లోపల.

"నాయనమ్మా, పడవను మళ్ళీ బురదలో దింపితే?"

"పోటొచ్చి లేపుతుంది. నిన్న లేపలేదూ?"

లోపలున్న కాలు కదల్లేదు. నాయనమ్మ వంగి, కోడిపిల్లను తోలినట్టు దాన్ని కూడా బయటికి తోసింది.

"నీ కంచం పడవెక్కుతోంది. ఇక ఈ ఇంట్లో నీకు కంచం లేదు, పో," అని నా ముఖం మీదే తలుపు వేసేసింది.