ప్రిన్సిపల్‌గారి గొణుగుడు

జుట్టంతా రాలిపోయేదాకా కోడు రాశాక గార్త్ లింక్విస్ట్‌కు ప్రిన్సిపల్ ఇంజినీరు హోదా వచ్చింది. సియాటెల్‌లో అతను పనిచేసే పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆ మెట్టు ఎక్కినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ సాయంత్రం మంచి సాల్మన్ చేప కొనుక్కెళ్లి భార్య ముందు గొప్పలు పోయాడు.

"బాగుంది. ఇకమీదట నువ్వు చేసే పనేంటి?" అంది డార్లీన్.

"అదొక్కటే ఎవరూ చెప్పలేదు."

చెప్పకపోయినా త్వరలోనే తెలిసొచ్చింది. కోడు ముట్టుకునే తీరిక లేదు, పొద్దస్తమానం మీటింగులే. చలికాలం మొదట్లో ఒక మధ్యాహ్నం భుక్తాయాసంతో కూర్చున్నాడు. టీం లీడరు రెనాటా తెర మీద బొమ్మలు చూపిస్తూ కంపెనీ సైట్‌లో కావలసింది వెతికిపెట్టే తమ సెర్చ్ ప్రోగ్రాం ఎలా పనిచేస్తుందో వివరిస్తోంది. సగంలోనే గార్త్ దారి తప్పాడు. ప్రిన్సిపల్ అయ్యుండి నోరు విప్పకపోతే బాగోదని గడ్డం నిమురుకుంటూ, "దీన్ని రెండు ముక్కలు చేస్తేనో..." అని గొణిగాడు. అందరూ గంభీరంగా తలలూపారు. బయటికొచ్చాక ఆ మాటే మర్చిపోయాడు.

వసంతం వచ్చి చెర్రీలు పూసే వేళకి కాఫీ మిషను దగ్గర రెనాటా ఎదురైంది. కళ్లు పీక్కుపోయి ఉన్నాయి.

"సెర్చ్‌ని రెండు ముక్కలు చేసేశాం గార్త్. మునుపటికన్నా నత్తనడక అయింది. ఇప్పుడేం చేయమంటారు?"

"ఏం ముక్కలు?"

ఆమె మొహం చూశాక గుర్తొచ్చింది.

"అయ్యో, అది సలహా కాదు! ఏమీ అర్థం కాక ఏదో అన్నాను."

"మాకూ వెర్రిగానే అనిపించింది. ప్రిన్సిపల్ అన్నారు కదా, ఏదో లోతుంటుందిలే అనుకున్నాం."

"నాలో లోతా? దిగి చూడు, పాదం కూడా తడవదు!"

రెనాటా నవ్వలేదు. "చలికాలమంతా దానికే ధారపోశాం," అంది.

ఆ మాట గుచ్చుకుంది. మర్నాడు టీం అందరి ముందూ తప్పు తనదేనని చెప్పాడు. ముక్కల్ని మళ్లీ అతకడానికి తనూ వాళ్ల పక్కనే కూర్చున్నాడు. కోడు ముట్టక చేతులు తుప్పు పట్టాయి. నిన్నగాక మొన్న చేరినవాళ్లు అతని కోడు దిద్దుతుంటే బుద్ధిగా తలూపాడు. ఎలాగైతేనేం, సెర్చ్ మళ్లీ పరుగందుకుంది.

అప్పట్నుంచి మీటింగులో బుర్రకెక్కకపోతే చెయ్యెత్తి, "నాకర్థం కాలేదు, మళ్లీ మొదట్నించి చెప్పండి," అనేవాడు. గదంతా ఊపిరి పీల్చుకునేది. సగంమందికి తమకూ అర్థం కాలేదన్న సంగతి అప్పుడే నోటికొచ్చేది.

ఏడాది చివర మేనేజరు నోరీన్ అతన్ని పిలిచి, "తెలియదని చెప్పగలగడమే అసలు సీనియారిటీ," అని మెచ్చుకుంది.

"ఆ లెక్కన చేరిన రోజే నన్ను ప్రిన్సిపల్ చెయ్యాల్సింది," అన్నాడు గార్త్.