జరిపిన బొత్తాం

కాలరు మెడకు బిగుతైతే లోకంలో ఎవరైనా ఎందుకా అని ఆలోచిస్తారు. కాలరమ్మ మాత్రం బొత్తాం జరిపింది.

ఆ పేరు ఆవిడకు ఊరికే రాలేదు. మరిది నడిపే టైలరింగ్ షాపులో ఇరవై రెండేళ్లుగా కటింగ్ టేబుల్ ఆవిడదే. ఆవిడ కత్తిరించిన కాలరు ఎంత వంకర మెడ మీదైనా ఒదిగి కూర్చోవాల్సిందే. అంతటి మనిషి, పనిలో చీర మీద తొడుక్కునే తన చొక్కా బిగుతైతే బట్ట ముడుచుకుపోయిందని మిల్లువాళ్లను నాలుగు తిట్లు తిట్టి, బొత్తాం పావు అంగుళం జరిపింది. రెండేళ్లలో నాలుగుసార్లు జరిపింది! ఊరందరి మెడలూ కొలిచే మనిషికి సొంత మెడ కొలుచుకోవాలని తోచలేదు చూడండి.

చివరికి కూతురే టేపు వేసి నోరెళ్లబెట్టింది. "ఒళ్లు తగ్గింది కానీ మెడ పెరిగిందేంటమ్మా? వెనక చర్మం చెక్కలా ఉంది. పద ఆస్పత్రికి."

డాక్టరమ్మ మెడ వెనక గిల్లబోతే చర్మం వేళ్లకు చిక్కలేదు. రెండు అరచేతులూ కలపమంటే మధ్యలో సందు మిగిలింది.

"షుగర్ ఎన్నేళ్లుగా ఉంది?"

"పదేళ్లు. మాత్ర గుర్తొస్తే వేసుకుంటా."

"షుగర్ ఏళ్ల తరబడి అదుపు తప్పితే కొందరికి చర్మం ఇలా మందమెక్కుతుంది. మెడ, వీపు, వేళ్లు బిగుస్తాయి. పూర్తిగా తగ్గుతుందని మాటివ్వలేను. షుగర్ అదుపులో పెట్టుకుని వ్యాయామాలు చేస్తే ఇంకా ముదరకుండా చూడొచ్చు."

కాలరమ్మకు ఏడుపొచ్చింది. అంతకంటే ముందు తన మీద తనకే ఒళ్లు మండింది.

వారం తర్వాత షాపుకు వెళితే టేబుల్ దగ్గర కొత్త కటింగ్ మాస్టరు నిలబడి ఉన్నాడు. గల్లా పక్కన ఆవిడ కోసం మెత్తటి కుర్చీ వేశారు.

"ఇక విశ్రాంతి తీసుకో వదినా. నీ మంచికే," అన్నాడు మరిది.

"నా మంచి నన్నడిగావా? అంత మెత్తగా ఉంటే ఆ కుర్చీలో నువ్వే కూర్చో."

"చేతులు మునుపటిలా ఆడవు కదా."

"ఆడవు. అయితే?"

"గిరాకీలు అడిగితే ఏం చెప్పను?"

"షుగరని చెప్పు. చర్మం బిగుసుకుందని చెప్పు. దాచడానికి నేనేమన్నా దొంగతనం చేశానా?"

మాస్టరు పాపం మెల్లగా పక్కకు జరిగాడు. కాలరమ్మ కత్తెర అందుకుంది. మెడ తిరగదు కాబట్టి మనిషంతా తిరిగింది. వేళ్లు మొరాయించినప్పుడల్లా ఆగి, చెయ్యి దులుపుకుని, మళ్లీ మొదలుపెట్టింది. ఒకప్పుడు పది నిమిషాల పని. మరిది గోడ గడియారం వంక చూస్తూనే ఉన్నాడు. చూసుకోనీ! కాలరు పూర్తయ్యాక మాస్టరే దాన్ని వెలుతురుకు పట్టి చూసి బల్ల మీద పెట్టాడు. అంచు నూలుపోగంత కూడా తప్పలేదు.

"నలభై నిమిషాలు పట్టింది వదినా," అని గొణిగాడు మరిది.

"రేపూ నలభయ్యే పడుతుంది. మాస్టరుగారూ, ప్యాంట్లు మీరు చూసుకోండి. మరిదీ, తర్వాతి గుడ్డ ఇలా పడెయ్."