సొన్నమ్మ గ్లాసులో నీళ్ళు

ఆదివారం పొద్దున పది గంటలకు, బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడ రెండో స్టేజీలోని యూనియన్ ఆఫీసు మేడమీద కెమిస్ట్రీ మొదలవుతుంది. చెప్పులు కిందే విప్పాలి. పైకొచ్చినవాళ్ళు కిటికీలు తెరవాలి. ఎవరి గ్లాసు వాళ్ళు తెచ్చుకోవాలి. ఆసిడ్ల పాఠం జరిగే రోజు సొన్నమ్మ తన గ్లాసును తీసుకెళ్ళి పిట్టగోడ మీద పెట్టుకోవాలి. సెక్రటరీ ఓబళప్ప ఈ నాలుగు నియమాలూ అట్టమీద రాసి మేకుకు తగిలించాడు. నాలుగో దాని గురించి ఇంతవరకు ఎవరూ ఏమీ అడగలేదు.

సొన్నమ్మ కాగితం మీద ఏది రాస్తే, ముందున్న గ్లాసులో నీళ్ళు అదవుతాయి. NaCl అని రాస్తే ఉప్పునీళ్ళు. CuSO₄ అని రాస్తే మైలుతుత్తం నీలం. పాఠం అయ్యాక చివర్లో H₂O అని రాసి, నీళ్ళను మళ్ళీ నీళ్ళు చేసి, గటగటా తాగి, గ్లాసు సంచిలో వేసుకుని ఇంటికి పోతుంది. పక్కన కూర్చునే ప్యాకింగ్ సెక్షన్ పుష్పావతి మజ్జిగ తెచ్చుకున్న రోజున లోటా ముందుకు తోస్తుంది.

"అక్కా, ఉప్పు మరిచిపోయినా. చిటికెడు రాయి."

"రాస్తే లోటాకంతా ఎక్కుతాది. చిటికెడు ఎట్ల రాసేది? సుమ్నే అట్లనే తాగు."

సొన్నమ్మకు నలభై నాలుగేళ్ళు. అందులో ఇరవై ఏళ్ళు క్రోమియం తొట్టి పక్కన గడిచాయి. బైకుల హ్యాండిళ్ళు తొట్టిలో ముంచి మెరిపిస్తుంది. ఊరంతా ఆ మెరుపులో ముఖం చూసుకుంటుంది, ముంచినవాళ్ళ ముఖం మాత్రం ఎవరూ చూడరు. తొట్టి మీంచి లేచే పొగ ఆమె ముక్కు లోపలి గోడకు కన్నం పెట్టింది. వేళ్ళ మీద చిన్న చిన్న పుండ్లు, మానినట్టే మాని మళ్ళీ తెరుచుకునేవి. ఇంకో ఏడాది తొట్టి దగ్గర నిలబడితే పని ఊపిరితిత్తుల దాకా వస్తుందని ఈఎస్ఐ డాక్టరు చెప్పాడు. ఫ్యాక్టరీ ల్యాబులో ఒక ఉద్యోగం ఖాళీగా ఉంది, తొట్లలో మందు ఎంతుందో పరీక్షించే పని. కానీ దానికి ఎస్సెస్సెల్సీ, అంటే పదో తరగతి, పాసై ఉండాలి. ఇరవై ఏళ్ళు తొట్టి వాసన పీల్చిన మనిషికి ఆ తొట్టిలో ఏముందో తెలుసునని ఒప్పుకోవడానికి ఈ వ్యవస్థకు ఒక కాగితం కావాలి. సొన్నమ్మ అన్ని సబ్జెక్టులూ గట్టెక్కి సైన్సులో రెండుసార్లు తప్పింది. మూడోసారి పరీక్ష ఒక సోమవారం పడింది.

పాఠం చెప్పే హరిణికి ఇరవై ఐదేళ్ళు. ఒంగోలు నుంచి ఎమ్మెస్సీ కోసం వచ్చి బెంగళూరులో ఉండిపోయింది. ఈ గదికి సున్నం వేయించి, గోడ మీద ఎర్ర రంగుతో "జ్ఞానం శ్రమజీవుల సొత్తు" అని తన చేత్తోనే రాసింది. ఆ మాట ఆమె మనస్ఫూర్తిగా నమ్మింది. మొదటి ఆదివారం సొన్నమ్మ గ్లాసు నీలంగా మారేదాకా నమ్మింది.

ఆ రోజు అందరూ చప్పట్లు కొట్టారు. హరిణి కూడా కొట్టింది. ఇంటికెళ్ళి తలుపేసుకుని, గ్లాసు నిండా నీళ్ళు పెట్టుకుని, CuSO₄ అని రాసింది. మళ్ళీ రాసింది. పక్కన అయిదు నీటి అణువులు కూడా చేర్చి, పుస్తకంలో ఉన్నట్టే చుక్కపెట్టి రాసింది. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. అయిదేళ్ళు మూడు రంగుల పెన్నులతో రియాక్షన్లు దించి, బర్నర్ల దగ్గర రెండు చున్నీలు కాల్చుకుని, యూనివర్సిటీలో రెండో ర్యాంకు తెచ్చుకున్న పిల్లకు ఒక్క చుక్క కూడా రంగు మారలేదు. పెన్సిల్ సరిగ్గా పట్టుకోవడం కూడా రాని మనిషికి గ్లాసు పనిమనిషిలా లొంగుతోంది. 'పనిమనిషిలా' అన్న పోలిక తన మనసులోకే వచ్చినందుకు హరిణి ఇంకా మండిపోయింది. ఆ మంట కూడా సొన్నమ్మ ఖాతాలోకే పోయింది.

అప్పట్నించి ప్రతి ఆదివారం అదే తంతు. హరిణి బోర్డు మీద వేలన్సీ చెబుతుంటే అందరి కళ్ళూ గ్లాసు మీద. ఓబళప్ప మెట్లెక్కి వచ్చి, "ఏమ్మా హరిణీ, మా సొన్నమ్మ ఈ రోజు ఏం చేసె?" అని అడిగేవాడు. హరిణి ఏం చెప్పిందని ఒక్కనాడూ అడగలేదు.

పరీక్షకు ముందు రోజు, చివరి ఆదివారం పాఠం, మొదటి నుంచీ అన్నీ ఒకసారి తిరగేయడం. అణువు, పరమాణువు, ఆసిడ్, బేస్. ఆసిడ్లు అయ్యాక సొన్నమ్మ పిట్టగోడ మీది గ్లాసును మళ్ళీ తన ముందుకు తెచ్చుకుంది. పదకొండున్నరకు సమీకరణాలు తూచే చోటికి వచ్చారు.

"బాణం గుర్తుకు ఇటు ఎన్ని పరమాణువులుంటే అటూ అన్నే ఉండాలి. ఒక్కటి కూడా పుట్టదు, ఒక్కటి కూడా పోదు. హైడ్రోజనూ ఆక్సిజనూ కలిస్తే నీళ్ళు. తూచండి," అంది హరిణి.

సొన్నమ్మ నోటుబుక్కు మీద వంగి వేళ్ళు లెక్కపెట్టుకుంది. ఇటు ఆక్సిజన్ రెండు, అటు ఒకటి. ప్లేటింగ్ పనిలో తొట్టి బలహీనపడితే పక్కన ఇంకో తొట్టి పెట్టరు, ఉన్న తొట్టిలోనే మందు పోస్తారు. ఇరవై ఏళ్ళు చేసిన చెయ్యి అదే చేసింది. O పక్కన, కింద, చిన్న 2 పోసింది.

H₂ + O₂ → H₂O₂

"సరిపాయ కదా మిస్? ఇటు రెండు, అటు రెండు."

హరిణి చూసింది. ఆ తప్పును ఆమెకన్నా బాగా ఎరిగినవాళ్ళు బెంగళూరులో లేరు. పగలంతా ఒక కోచింగ్ కంపెనీలో ఆమె ఉద్యోగం ప్రశ్నలు రాయడం. ఒక ఒప్పు జవాబు, దాని పక్కన నమ్మదగ్గ మూడు తప్పులు. ఈ తప్పును 'బి' ఆప్షన్‌గా ఎన్నిసార్లు అమ్మిందో. లెక్క సరిపోతుంది, పదార్థం మారిపోతుంది. గ్లాసులో ఉన్నది ఇప్పుడు నీళ్ళు కాదు. చూడ్డానికి మాత్రం అచ్చం నీళ్ళే.

రేపు ఇదే రాస్తుంది, అనుకుంది. రాయనీ.

ఎర్ర పెన్ను తీసి టిక్కు పెట్టింది. చక్కటి టిక్కు, తోక పొడుగ్గా.

పుష్పావతి తొంగిచూసి తన పుస్తకంలోనూ అలాగే దించుకుంది. హరిణి కిటికీ వైపు తిరిగింది. కడుపులో ఏదో చల్లబడుతుందనుకుంది. చల్లబడలేదు.

"దప్పికగా ఉండాది. ఎట్లా నీళ్ళే కదా రాసినా," అంటూ సొన్నమ్మ గ్లాసు ఎత్తింది.

హరిణి గిరుక్కున తిరిగింది. నోరు తెరిచింది. సభల్లో మైకు అందకముందే గొంతెత్తే పిల్లకు, 'వద్దు' అనే రెండక్షరాలు రాలేదు. గ్లాసు పెదాల దాకా వెళ్ళింది.

అక్కడ ఆగింది. క్రోమియం తొట్టి దగ్గర పనిచేసేవాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. ఎంత తేటగా ఉన్నా, వేలు తడిపి చూడనిదే ఏదీ నోట పెట్టుకోరు. సొన్నమ్మ చూపుడువేలు ముంచింది. వేలి మీది పుండు బుసబుసమని తెల్లగా నురగ కక్కింది.

"ఇది నీళ్ళు కాదప్పా," అంది సొన్నమ్మ నెమ్మదిగా. "ఈఎస్ఐలో పుండ్లు కడిగే మందు. ఇట్లనే పొంగుతాది."

గ్లాసు దించింది. అంచు నుంచి ఒలికిన నాలుగు చుక్కలు నోటుబుక్కు మీద పడ్డాయి. ఎర్ర టిక్కు తోక నుంచి మొదలై, గులాబీ రంగుగా మారి, తెల్లబడి, పూర్తిగా పోయింది. సమీకరణం మాత్రం మిగిలింది.

"మిస్సు చూసుకోలేదేమో అక్కా," అంది పుష్పావతి.

సొన్నమ్మ తలెత్తింది. "చూసుకోలేదా మిస్?"

తప్పించుకోవడానికి తలుపు తెరిచే ఉంది. చూసుకోలేదంటే చాలు.

"చూశాను. చూసే పెట్టాను," అంది హరిణి.

కింద రోడ్డు మీద టెంపో ఒకటి వెనక్కి వస్తూ కూస్తోంది. అది ఆగాక సొన్నమ్మ కన్నడంలో అడిగింది, తెలుగులో అడిగితే మరీ మంటగా ఉంటుందనేమో.

"హొట్టెకిచ్చా?"

"కడుపుమంటే. అయిదేళ్ళు చదివానక్కా. నా గ్లాసు ఒక్కసారి కూడా నా మాట వినలేదు."

"సరే. నా గ్లాసు నువ్వు తీసుకో, రేపట్నించి నా తొట్టి కాడ నిలబడు. మార్చుకుందామా?" సొన్నమ్మ నురగ ఆరని వేలు ఆమె ముందు పెట్టింది. "దీంతో కలిపే ఇస్తా. ముక్కులో కన్నం కూడా."

హరిణి ఆ వేలు వైపు చూసింది. గోడ మీది ఎర్ర అక్షరాల వైపు చూడలేకపోయింది.

"తాగి ఉంటే ఏమయ్యేదే సొన్నమ్మక్కకు!" అని పుష్పావతి లేచి, కోపంతో హరిణి మీదికి ఇంకేదో అనబోయింది.

"కూర్చో పుష్పా. కొట్లాట మంగళవారం పెట్టుకుందాం. రేపు పరీక్ష." సొన్నమ్మ నోటుబుక్కు తిప్పి హరిణి ముందుకు తోసింది. "నేర్పియ్యి. ఈసారి నిజంగా నేర్పియ్యి."

హరిణి బెంచీ మీద, సొన్నమ్మ పక్కనే కూర్చుంది. "అక్కా, కింద ఉన్న చిన్న అంకె, ఆ వస్తువు ఏమిటో చెబుతుంది. దాన్ని ముట్టుకుంటే వస్తువే మారిపోతుంది. తూకం కుదరకపోతే ముందు పెద్ద అంకె పెట్టాలి. అది ఎన్ని అని చెబుతుంది."

సొన్నమ్మ పెన్సిల్ చెవి వెనక పెట్టుకుని కాసేపు ఆలోచించింది. "అంటే తొట్టిలో మందు కలపకూడదు. తొట్లే పెంచాల."

"అంతే."

"మరి పోయిన రెండుసార్లూ నేను మందే కలిపినా." తిట్టుకుంటూ, చెరిపి, రాసింది.

2H₂ + O₂ → 2H₂O

సొన్నమ్మ గ్లాసులో నురగ అణిగి నీళ్ళు తేటపడ్డాయి. అదే క్షణంలో, బల్ల చివర పొద్దున్నుంచీ ఖాళీగా ఉన్న హరిణి గ్లాసు, అడుగు నుంచి అంచు దాకా నిండింది.

"రెండు అని రాసినా కదా," అంది సొన్నమ్మ. తన గ్లాసులో వేలు ముంచింది. నురగ రాలేదు. హరిణి గ్లాసులోనూ ముంచి చూసి, ఆమె వైపు జరిపింది. "తాగు."

హరిణి తాగింది. చల్లటి నీళ్ళు, మామూలు నీళ్ళు.

పరీక్షలో ఆ లెక్క రాలేదు, దాని అన్నలాంటిది వచ్చింది. సొన్నమ్మ ముప్పై ఎనిమిది మార్కులతో పాసై, తెల్ల కోటు వేసుకుని ల్యాబులోకి వెళ్ళింది. హరిణి కోచింగ్ కంపెనీలో తప్పు జవాబులు రాయడం మానేసింది. ఎందుకు మానేశావని అడిగితే, చెయ్యి రావడం లేదని చెప్పింది. ఇప్పుడు ఆదివారాల్లో సమీకరణాలు సొన్నమ్మ చెబుతుంది. హరిణి పుష్పావతి పక్కన కూర్చుని అందరితో పాటు తూస్తుంది, సొన్నమ్మ వచ్చి ఎర్ర పెన్నుతో దిద్దుతుంది. పుష్పావతి ఇంకా ఆమెతో సరిగ్గా మాట్లాడదు.

హరిణి రాసిన దేనికీ ఆమె గ్లాసు ఇప్పటికీ పలకదు. కడుపుమంట పోలేదు. ఒక గ్లాసుడు తగ్గింది.